ఆమోదించలేదు, అభ్యంతరమూ చెప్పలేదు: హెచ్‌ఎంఎస్ కెప్టెన్ మునక మీద నా వాదన

జీఎస్-4 కేస్ స్టడీలో "సాంకేతిక నిపుణుల సలహాను పక్కన పెట్టకూడదు" అని రాశాక, దాని కింద ఉదాహరణగా మనం ఏం రాస్తాం? ఛాలెంజర్ స్పేస్ షటిల్. కాదంటే టైటానిక్. పేపర్లు దిద్దేవాళ్లు ఒక పూటలో ఆ రెండు పేర్లూ ఎన్నిసార్లు చూస్తారో ఊహించుకోండి. ఈసారి మీకు ఇంకో ఉదాహరణ ఇస్తాను. 1870లో మునిగిన బ్రిటిష్ యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ కెప్టెన్. అయితే ముందే ఒక మాట. ఈ కథను సాధారణంగా "ప్రజాభిప్రాయం గెలిచింది, ఇంజినీరు ఓడిపోయాడు, ఓడ మునిగింది" అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. నాకు అది సగం నిజంగానే కనిపిస్తుంది. ఇంజినీరు ఓడిపోలేదు, తన చేతికి మట్టి అంటకుండా పక్కకు తప్పుకున్నాడు. రేపు మనం కూర్చోబోయే కుర్చీలకు ఆ రెండో సగమే ఎక్కువ అవసరం అని నా వాదన.

జరిగింది ఇది. 1870 సెప్టెంబరు 7, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, స్పెయిన్ వాయవ్య కొసన ఫినిస్టెర్ అగ్రానికి ఆవల సముద్రంలో బ్రిటిష్ నౌకల దళం ఒకటి గాలివానలో చిక్కుకుంది. అందులోని కెప్టెన్ ఒక పక్కకు ఒరిగి, మళ్లీ లేవకుండా బోల్తాపడింది. 470 మందికి పైగా చనిపోయారు. బతికి బయటపడింది 18 మంది. చనిపోయినవారిలో ఆ ఓడ రూపకర్త కూపర్ కోల్స్ ఉన్నాడు. నౌకాదళానికి రాజకీయ అధిపతి, అంటే మన లెక్కలో శాఖ మంత్రి అనుకోండి, హ్యూ చైల్డర్స్ కొడుకు కూడా ఉన్నాడు. ఓడ సేవలోకి వచ్చి అప్పటికి అయిదు నెలలు కూడా కాలేదు. అదే రాత్రి, అదే గాలిలో, అంతే బరువైన ఫిరంగులు మోస్తున్న మోనార్క్ అనే ఇంకో ఓడ నిలబడింది. ఈ రెండు ఓడల తేడా అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

కర్రతో కట్టిన యుద్ధనౌకల కాలం పేలుడు గుండ్లతో ముగిసింది. 1853లో సినోప్ రేవులో రష్యన్ గుండ్లు టర్కీ కర్ర ఓడలను తగలబెట్టాయి. 1855లో కిన్‌బర్న్ కోట దగ్గర ఇనుప పలకలు తొడిగిన ఫ్రెంచి తేలే ఫిరంగి వేదికలు రష్యన్ గుండ్లను తట్టుకున్నాయి. ఇక ఆగేదెవరు? 1859లో ఫ్రాన్స్ గ్లోయిర్‌ను నీటిలోకి దింపింది. కర్ర ఓడ, పైన ఇనుప తొడుగు. మరుసటి ఏడాది బ్రిటన్ వారియర్‌ను దింపింది. దాని ఒళ్లు కూడా ఇనుమే. నాలుగున్నర అంగుళాల ఇనుప కవచం, దాని వెనక 18 అంగుళాల టేకు. (ఇంగ్లిష్‌లో ఆ చెక్క పేరే మన దక్షిణాది భాషల నుంచి వెళ్లిన మాట.) వారియర్ ఇప్పటికీ పోర్ట్స్‌మత్‌లో మ్యూజియంగా ఉంది.

అక్కడి నుంచి ఒక పరుగుపందెం మొదలైంది. కవచం మందం పెరిగితే దాన్ని చీల్చడానికి ఫిరంగి పెరగాలి, ఫిరంగి పెరిగితే కవచం పెరగాలి. వారియర్ మీద ఉన్న మామూలు ఫిరంగి బరువు 5 టన్నుల లోపు. ఇరవై ఏళ్ల తర్వాత, 1881లో పూర్తయిన ఇన్‌ఫ్లెక్సిబుల్ మీద ఒక్కో ఫిరంగి 80 టన్నులు. దాని కవచం అత్యధికంగా 24 అంగుళాలు. ఇటలీవాళ్లు డుయిలియో మీద 100 టన్నుల ఫిరంగులే పెట్టేశారు. మనం ప్రిలిమ్స్ కోసం "19వ శతాబ్దంలో పారిశ్రామిక విప్లవం యుద్ధాన్ని మార్చింది" అని ఒక వాక్యంలో చదివేసేది ఈ రెండు దశాబ్దాలనే.

ఇప్పుడు బరువు సంగతి. గోదావరిలో పడవ ఎక్కినప్పుడు సరంగు "ఎవరూ నిలబడొద్దు, కూర్చోండి" అని ఎందుకు అరుస్తాడో మీకు తెలుసు. బరువు ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, ఎంత ఎత్తులో ఉందన్నది ఇంకో ప్రశ్న. పడవను తిప్పేసేది ఎక్కువగా రెండోదే. ఇనుప ఓడకు కవచం పక్కగోడల మీద ఉంటుంది, ఫిరంగులు దానికన్నా పైన ఉంటాయి. గోడ ఎత్తు పెరిగితే కవచం కూడా అంత ఎత్తుకు కప్పాలి. అందుకని రూపకర్తలందరికీ ఒక ఆశ ఉండేది: నీటి మట్టం నుంచి డెక్ దాకా ఉన్న ఎత్తును, అంటే ఫ్రీబోర్డ్‌ను, తగ్గించేస్తే కవచం ఆదా అవుతుంది, శత్రువుకు గురి చిన్నదవుతుంది. ఆశలో తప్పేమీ లేదు. ఇబ్బందల్లా, తగ్గించిన ఆ ఎత్తు సముద్రానికి కూడా కనిపిస్తుంది.

దీనికి తోడు బొగ్గు. అప్పటి బాయిలర్లలో ఆవిరి పీడనం తక్కువ, యంత్రాలు బొగ్గును మింగేవి. బ్రిటన్‌కు సముద్రాలన్నిటా పని ఉంది, బొగ్గు దొరికే రేవులు మాత్రం దూరం దూరం. కాబట్టి ఆవిరి యంత్రం ఉన్నా తెరచాపలు ఉండాల్సిందే అని నౌకాదళం పట్టుబట్టింది. తెరచాపలంటే ఎత్తైన కొయ్యలు, తాళ్లు, పైన మనుషులు. మళ్లీ పైన బరువు. గాలి ఆ తెరచాపలను తోస్తే ఓడ ఒరుగుతుంది కూడా. ఫిరంగి, కవచం, బొగ్గు, తెరచాప, ఫ్రీబోర్డ్: అయిదుగురూ ఒకే జీతంలోంచి వాటా అడుగుతున్న కుటుంబం లాంటిది ఇది. ఒకరికి ఇస్తే ఇంకొకరికి తగ్గించాలి. "అందరికీ ఇస్తాను" అని ఎవరైనా అంటే అప్పు ఎక్కడ చేశాడో వెతకాలి.

ఇక ఫిరంగిని ఎక్కడ పెట్టాలన్నది. పాత ఓడల్లో రెండు పక్కలా వరసగా పదుల ఫిరంగులు ఉండేవి. ఫిరంగి 20 టన్నులు దాటాక అన్ని మోయలేరు. నాలుగే మోయగలిగితే ఆ నాలుగూ అన్ని వైపులకూ తిరగాలి. దానికి దొరికిన జవాబు టరెట్, అంటే ఫిరంగితో సహా గుండ్రంగా తిరిగే ఇనుప గది. ఈ ఆలోచన బ్రిటన్‌లో కోల్స్‌ది, అమెరికాలో జాన్ ఎరిక్సన్‌ది. కోల్స్ ఇంజినీరు కాదు, నౌకాదళ అధికారి. క్రిమియా యుద్ధంలో పీపాల తెప్ప మీద ఫిరంగి పెట్టి వాడి చూసిన మనిషి. ఈ వివరం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

1862 మార్చి 9న హాంప్టన్ రోడ్స్‌లో ఎరిక్సన్ మానిటర్, దక్షిణ రాష్ట్రాల వర్జీనియా అనే రెండు ఇనుప ఓడలు గంటల తరబడి కాల్చుకున్నాయి. ఏదీ రెండోదాన్ని ముంచలేదు. కానీ ఆ వార్తతో టరెట్ అంటే ఏమిటో ప్రపంచానికంతటికీ తెలిసిపోయింది. అంతగా ప్రచారం కాని విషయం ఒకటుంది. అదే మానిటర్ ఆ ఏడాది చివరి రోజున, హట్టెరస్ అగ్రం దగ్గర బయటి సముద్రంలో ఇంకో ఓడ లాగుతుండగా మునిగిపోయింది. 16 మంది చనిపోయారు. దాని డెక్ నీటికి రెండడుగుల ఎత్తు కూడా లేదు. రేవులో అది బలం, బయటి సముద్రంలో అదే ప్రాణాపాయం. ఒక జిల్లాలో పైలట్ ప్రాజెక్టు బ్రహ్మాండంగా నడిచిందని రాష్ట్రమంతా అమలు చేసేటప్పుడు, ఆ జిల్లా పరిస్థితులేమిటని ఎవరూ అడగకపోవడం మనకు తెలియనిది కాదు.

బ్రిటన్‌లో కోల్స్ అడిగింది ఇది: టరెట్ ఉండాలి, డెక్ కిందకు ఉండాలి, పూర్తి తెరచాపలతో మహాసముద్రాలు దాటాలి. నౌకాదళ ప్రధాన నిర్మాణ ఇంజినీరు ఎడ్వర్డ్ రీడ్ మొదట మోనార్క్‌ను రూపొందించాడు. టరెట్లు ఉన్నాయి, తెరచాపలు ఉన్నాయి, కానీ ఫ్రీబోర్డ్ 14 అడుగులు. కోల్స్‌కు అది నచ్చలేదు. తన ఆలోచనను పాడుచేశారని పత్రికల్లో, పార్లమెంటులో ఆయన తరఫున గొడవ జరిగింది. చివరికి 1866లో నౌకాదళ బోర్డు దిగివచ్చింది. సరే, మీకు నచ్చినట్టు మీరే ఒక ఓడ రూపొందించుకోండి, బర్కెన్‌హెడ్‌లోని లేర్డ్ సంస్థతో కట్టించుకోండి, బాధ్యత మీదీ వాళ్లదీ అంది. అలా పుట్టింది కెప్టెన్. అనుకున్న ఫ్రీబోర్డ్ 8 అడుగులు.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణమైన చిన్న వివరం ఇక్కడ వస్తుంది. డ్రాయింగులు రీడ్ ఆఫీసుకు వచ్చాయి. బరువులు ఎక్కువవుతాయని, గురుత్వ కేంద్రం పైకి పోతుందని ఆయనకు అనుమానం ఉంది. ఆ మాట రాతపూర్వకంగా చెప్పాడు కూడా. డ్రాయింగుల మీద "ఆమోదించడమైనది" అని రాయడానికి ఒప్పుకోలేదు. దాని బదులు "అభ్యంతరం చెప్పడం లేదు" అన్న మాట వాడాలని సూచించాడు. ఆయన పై అధికారి, నౌకల నిర్మాణం చూసే కంట్రోలర్ స్పెన్సర్ రాబిన్సన్‌దీ దాదాపు అదే వైఖరి. అంటే మన భాషలో చెప్పాలంటే ఆ ఓడకు అనుమతి లేదు, ఎన్‌ఓసీ ఉంది.

ఆ తేడా కాగితం మీద చాలా పెద్దది. సముద్రం మీద దాని విలువ సున్నా. ఆమోదించని ఓడా, అభ్యంతరం లేని ఓడా ఒకేలా తేలుతాయి, ఒకేలా మునుగుతాయి. తేడా అంతా తర్వాత జరిగే విచారణలో కనిపిస్తుంది. అందుకే ఆ మాటను ఎంచుకున్నది ఓడ కోసం కాదు, విచారణ కోసం అంటాను. కటువుగా ఉందేమో, అయినా నా అభిప్రాయం అదే.

నిర్మాణం జరుగుతున్న కాలంలో కోల్స్ చాలా రోజులు జబ్బుపడ్డాడు. అడుగడుగునా తూకం చూసే మనిషి లేడు. ఓడ పూర్తయ్యేసరికి అనుకున్నదానికన్నా 735 టన్నులు ఎక్కువ తూగింది. నీటిలో ఇంకాస్త కిందికి కూర్చుంది. 8 అడుగుల ఫ్రీబోర్డ్ ఆరున్నర అడుగులకు దిగింది. ఇది రహస్యం కాదు. ఓడ ఎంత లోతుకు దిగిందో దాని ఒంటి మీదే అంకెల్లో కనిపిస్తుంది. రేవులో నిలబడ్డ ఎవరైనా చదువుకోవచ్చు.

బీటెక్‌లో మెకానికల్ గానీ సివిల్ గానీ చదివినవాళ్లకు ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మెటాసెంట్రిక్ హైట్ గుర్తుండే ఉంటుంది. మిగతావాళ్లకు రెండు మాటల్లో: ఓడ కాస్త ఒరిగినప్పుడు మళ్లీ నిటారుగా లేచే శక్తి మొదట్లో ఎంత ఉంటుందో చెప్పే కొలత అది. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ ఒక్క అంకె చూస్తే కెప్టెన్ మోనార్క్ కంటే తీసిపోదు. అంకె బాగానే ఉంది. కానీ అది చిన్న వంపులకే పనికొచ్చే అంకె. ఓడ ఎక్కువగా ఒరిగితే ఏమవుతుందన్నది వేరే లెక్క. ఒరుగుతున్నకొద్దీ కిందికి వచ్చిన పక్క ఇంకా ఇంకా నీటిలోకి దిగి, తేలే బలాన్ని ఆ వైపు పెంచి, ఓడను తిరిగి లేపుతుంది. డెక్ అంచు నీటిలో మునిగిన క్షణం నుంచి ఆ సాయం తగ్గిపోతుంది. కెప్టెన్ డెక్ అంచు దాదాపు 14 డిగ్రీలకే మునుగుతుంది. మోనార్క్‌కు 28 డిగ్రీలు కావాలి. లేచే శక్తి కెప్టెన్‌కు సుమారు 21 డిగ్రీల దగ్గర గరిష్ఠం, ఆ తర్వాత జారుడే, 54 డిగ్రీల దగ్గర సున్నా. మోనార్క్‌కు గరిష్ఠం 40 డిగ్రీల దగ్గర, సున్నా 70 డిగ్రీలకు అటూ ఇటూగా.

ఒక్క సూచీని చూసి పథకం బాగుందనడం ఎంత ప్రమాదమో వివరించడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తట్టలేదు. ఎన్‌రోల్‌మెంట్ నిష్పత్తి బాగుంది కాబట్టి చదువు బాగుంది అనడం కూడా ఇలాంటిదే. అంకె అబద్ధం కాదు, కానీ అది ప్రశాంత సముద్రం మీద తీసిన అంకె.

ఈ లెక్కలు ఎప్పుడు వేశారు? ఓడ 1870 ఏప్రిల్ 30న సేవలో చేరింది. ఒక పక్కకు తెలిసిన బరువు జరిపి ఎంత ఒరుగుతుందో కొలిచే పరీక్ష జులై 29న పోర్ట్స్‌మత్‌లో జరిగింది. దాని ఆధారంగా పూర్తి లెక్క తేలేసరికి ఓడ మళ్లీ సముద్రంలో ఉంది. అంతకుముందు చేసిన ప్రయాణాలు బాగానే సాగాయి, వెంట వెళ్లిన అడ్మిరల్ మెచ్చుకుంటూ నివేదిక ఇచ్చాడు. పత్రికలు కోల్స్ గెలిచాడన్నాయి. మంత్రి చైల్డర్స్ తన కొడుకును మోనార్క్ నుంచి కెప్టెన్‌లోకి మార్పించాడు. రీడ్ జులైలో ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు.

సెప్టెంబరు 6 మధ్యాహ్నం దళాధిపతి అడ్మిరల్ మిల్నే స్వయంగా కెప్టెన్ ఎక్కి చూశాడు. గాలికి ఒరిగిన వైపు డెక్ అంచు మీదుగా నీళ్లు వస్తున్నాయి. ఆయనకు నచ్చలేదు, ఆ మాట చెప్పి సాయంత్రానికి తన ఓడకు వెళ్లిపోయాడు. రాత్రికి గాలి పెరిగింది. తెరచాపలు దించమని, తాళ్లు వదిలేయమని ఆదేశాలు ఇస్తుండగానే ఓడ తిరగబడింది.

విచారణ తీర్పులో అందరూ ఎత్తిచూపేది మొదటి సగం: పార్లమెంటులోనూ ఇతర మార్గాల్లోనూ వినిపించిన ప్రజాభిప్రాయాన్ని మన్నించి, కంట్రోలర్, ఆయన శాఖ అభిప్రాయాలకు విరుద్ధంగా ఈ ఓడను కట్టారని. మనం మొదట్లో అనుకున్న మూడు ముక్కల కథకు మూలం ఈ వాక్యమే. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఓడ అనుకున్నదానికన్నా లోతుకు దిగిందని, నిలకడ తక్కువని తెలిసే ఉంటే, ఆ సంగతి ఓడ నడిపే అధికారికి ఎందుకు చెప్పలేదు? తెలియకపోతే, లెక్కతో, పరీక్షతో తేల్చుకోకుండా దాన్ని మామూలు సేవలోకి ఎందుకు పంపారు? కోర్టు దీనికి విచారం వ్యక్తం చేసింది.

ఈ రెండో మాట ప్రజాభిప్రాయం గురించి కాదు. ఆఫీసు గురించి. అనుమానం ఎవరికి ఉందో వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఓడ నడిపిన బర్గోయిన్‌కు ఆ వంపుల లెక్క అందలేదు. డెక్ అంచు మునిగాక తన ఓడ ఎంత త్వరగా చేయి దాటిపోతుందో తెలిసి ఉంటే ఆ రాత్రి అన్ని తెరచాపలు ఉంచేవాడా? సందేహాన్ని ఫైలులో రాయడం వేరు, ఆ సందేహం ఎవరి ప్రాణానికి సంబంధించిందో వాళ్ల చెవిన వేయడం వేరు. మొదటిది చేసినవాళ్లు రెండోది కూడా చేసినట్టే అనుకున్నారు.

తర్వాత ఏమైందో కూడా చూడండి. చైల్డర్స్ తానే ఒక సుదీర్ఘ పత్రం రాసి, తప్పును ప్రధానంగా రాబిన్సన్, రీడ్‌ల మీదికి తోశాడు. రాబిన్సన్ పదవి పోయింది. రీడ్ దగ్గర "ముందే చెప్పాను" అనడానికి కాగితాలున్నాయి. బోర్డు దగ్గర "బాధ్యత కోల్స్‌దీ లేర్డ్‌దీ" అన్న ఉత్తరం ఉంది. కోల్స్ లేడు. అందరి దగ్గరా తమను కాపాడే కాగితం ఉంది, ఓడలో ఉన్న దాదాపు 500 మందిని కాపాడే కాగితం ఒక్కటీ లేదు.

మీలో కొందరు అడగొచ్చు: రీడ్ ఇంకేం చేయగలడు? పైవాళ్లు నిర్ణయం తీసుకున్నాక కింది ఇంజినీరు ఆపగలడా? ఆపలేడు, నిజమే. కానీ ఆపడానికీ చేతులు కడుక్కోవడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. "ఒరిగించి చూసే పరీక్ష పూర్తయి ఫలితం వచ్చేదాకా ఓడ తెరచాపలతో బయటి సముద్రంలోకి వెళ్లకూడదు" అన్న ఒక్క షరతు పెట్టొచ్చు. నిర్మాణంలో నెలనెలా తూకం చూసే మనిషిని పెట్టొచ్చు. బాధ్యత వేరేవాళ్లదని రాసుకున్నాక ఆ పర్యవేక్షణ మన పని కాదన్న భావన వస్తుంది. నాకు భయం వేసేది అదే. బాధ్యతను బదిలీ చేసినప్పుడు దానితోపాటు శ్రద్ధ కూడా బదిలీ అయిపోతుంది, అవతలివాళ్లకు ఆ శ్రద్ధ చూపే సామర్థ్యం ఉందో లేదో ఎవరూ చూడరు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. అసలు పార్లమెంటు, పత్రికలు ఇందులో తలదూర్చడమే తప్పు కదా? నేను ఒప్పుకోను. టరెట్ విషయంలో కోల్స్ చెప్పిందే నిజమైంది. తర్వాతి కాలపు యుద్ధనౌకలన్నీ టరెట్ల దారిలోనే నడిచాయి. తన శాఖలో పుట్టని ఆలోచనను శాఖ సందేహంగా చూసినప్పుడు, బయటినుంచి ఒత్తిడి రావడం ఆరోగ్యమే. యుద్ధంలో తెప్ప మీద ఫిరంగి వాడి చూసిన అధికారి మాటకు విలువ ఉంది. ఆయనకు తెలియనిది అన్నిటినీ ఒకే ఒంట్లో అమర్చే విద్య. అది రీడ్‌కు తెలుసు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాల్సిన బోర్డు, ఇద్దరికీ చెరో ఓడ ఇచ్చి గొడవ వదిలించుకుంది. నిపుణుడి మాటా ప్రజల మాటా అన్నట్టుగా ఎస్సేలో ద్వంద్వం కట్టే ముందు ఈ సంగతి ఆలోచించండి.

ఫిరంగుల వైపు జరిగిన పొరపాటు వేరే రకం, దాన్ని కూడా చెప్పి తీరాలి. బ్రిటన్ 1860 ప్రాంతంలోనే వెనక నుంచి గుండు పెట్టే ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు వాడింది. 1863లో జపాన్‌లోని కగోషిమా మీద కాల్పుల్లో ఆ ఫిరంగుల వెనక మూత భాగాలు ఊడిపోయి ప్రమాదాలు జరిగాయి. దాంతో నౌకాదళం వెనక్కి తిరిగి, మూతి నుంచి మందు, గుండు కూరే పాత పద్ధతికి వెళ్లింది. అప్పటి సాక్ష్యం ప్రకారం అది సరైన నిర్ణయమే. కానీ సాక్ష్యం మారింది. ఐరోపాలో క్రుప్ వంటివాళ్లు వెనక మూతను బాగుచేశారు. నెమ్మదిగా మండే కొత్త మందు వచ్చింది. దాని శక్తి పూర్తిగా వాడుకోవాలంటే గొట్టం పొడవుగా ఉండాలి. మూతి నుంచి కూరే ఫిరంగిని పొడవు చేస్తే దాని మూతిని టరెట్ లోపలికి లాగి కూరడం కుదరదు. ఇన్‌ఫ్లెక్సిబుల్‌లో 80 టన్నుల ఫిరంగి మూతిని కిందికి వంచి, డెక్ కింద నుంచి నీటి పీడనంతో నడిచే గజంతో దాదాపు 760 కిలోల గుండును తోసేవారు. ఆ తెలివికి దండం పెట్టొచ్చు. కానీ ఒక పాత నిర్ణయాన్ని మార్చకుండా ఉండటానికి పడ్డ తంటా అది.

1879 జనవరి 2న మర్మరా సముద్రంలో థండరర్ అనే ఓడ మీద ఇలాంటి యంత్రంతోనే కూరే 38 టన్నుల ఫిరంగి పేలిపోయింది. 11 మంది చనిపోయారు. టరెట్‌లోని రెండు ఫిరంగులూ ఒకేసారి కాల్చమన్నారు. ఒకటి పేలలేదు, రెండోదాని మోతలో ఎవరికీ తెలియలేదు. మనిషి చేత్తో కూరేటప్పుడు లోపల ఇంకో గుండు ఉంటే గజం దిగకుండా చేతికి తగులుతుంది. యంత్రం కూరేటప్పుడు ఆ స్పర్శ లేదు. పేలని గుండు మీద రెండో గుండు కూరి కాల్చారు. కారణం ఇదేనా అని కొందరు నమ్మలేదు. జత ఫిరంగిని వూలిచ్‌కు తెచ్చి, కావాలనే రెండుసార్లు కూరి కాల్చి చూశారు. అది కూడా అలాగే బద్దలైంది. వెనక నుంచి కూరే ఫిరంగిలో ఈ పొరపాటుకు చోటే లేదు, మూత తీయగానే పాత గుండు కనిపిస్తుంది. 1880ల ఓడలకు బ్రిటన్ మళ్లీ ఆ పద్ధతికే వచ్చింది. సాక్ష్యం మీద ఆధారపడిన నిర్ణయం అంటే ఒకసారి సాక్ష్యం చూసి తీసుకున్నది కాదు. ఎప్పటికప్పుడు మళ్లీ చూస్తున్నది.

కెప్టెన్ మునిగాక బ్రిటన్ ఒక మంచి పని చేసింది, అది మన సిలబస్‌కు కూడా దగ్గర. 1871లో యుద్ధనౌకల డిజైన్లను పరిశీలించడానికి ఒక కమిటీ వేసింది. అందులో విలియం థామ్సన్ ఉన్నాడు, మనకు లార్డ్ కెల్విన్‌గా తెలిసిన శాస్త్రవేత్త. నమూనా ఓడలను నీటి తొట్టిలో లాగి కొలిచిన విలియం ఫ్రౌడ్ ఉన్నాడు. కమిటీ అధ్యక్షుడు లార్డ్ డఫరిన్. అవును, 1885లో కాంగ్రెస్ పుట్టినప్పుడు వైస్రాయ్‌గా ఉన్న డఫరినే. రీడ్ రూపొందించిన డెవాస్టేషన్ అనే ఓడ అప్పుడు కడుతున్నారు. దానికి తెరచాపలే లేవు, 1,800 టన్నుల దాకా బొగ్గు మోస్తుంది. కెప్టెన్ భయంతో దాన్ని ఆపేయమన్నవాళ్లున్నారు. కమిటీ లెక్కలు చూసి, నిలకడ పెంచడానికి పైన కొంత కట్టడాన్ని పక్కల దాకా పెంచమని చెప్పి, కానివ్వమంది. అది 1873లో పూర్తయింది. తక్కువ ఎత్తు డెక్ పాపం కాదని, దాని మీద తెరచాపలు పెట్టడమే పాపమని తేలింది.

అదే తక్కువ ఎత్తు, తక్కువ ఫ్రీబోర్డ్, టరెట్లు ఉన్న మరో రెండు ఓడలు మన దేశానికే వచ్చాయి. మాగ్దాలా, అబిసీనియా. బొంబాయి రేవు కాపలాకు కట్టినవి, 1870లోనే నీటిలోకి దిగాయి. బొంబాయి నుంచి సైన్యం వెళ్లి చేసిన 1868 అబిసీనియా దండయాత్ర పేర్లే వాటికి పెట్టారు. కిందికున్న డెక్ మధ్యలో కవచంతో ఒక గట్టు లేపి, దాని మీద టరెట్లు పెట్టడం రీడ్ ఆలోచన. కెప్టెన్ మునిగిన కొద్ది నెలలకే, ఆ శీతాకాలంలో, మాగ్దాలా తాత్కాలికంగా తెరచాపలు కట్టుకుని బొంబాయి చేరింది. చేరాక అవి అక్కడే ఉండిపోయాయి. రేవు కోసం కట్టారు, రేవులోనే ఉంచారు. వాటి గురించి చెప్పుకోవడానికి పెద్ద కథేమీ లేదు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పాత సామానుగా అమ్మేశారు.

ఇక రాత పని. కింది ప్రశ్నకు 250 పదాలలో జవాబు రాయండి.

ఒక రాష్ట్రంలో రద్దీ నది మీద ప్రయాణికుల కోసం కొత్త రకం పెద్ద పడవను ఒక మాజీ అధికారి రూపొందించారు. ఆయనకు ప్రజల్లో మంచి పేరుంది, శాసనసభలో మద్దతు ఉంది. మీ శాఖ ఇంజినీర్లకు దాని నిలకడ మీద సందేహాలున్నాయి, కానీ రుజువు చేసే పరీక్ష ఇంకా జరగలేదు. పండగలోపు ప్రారంభించాలని మంత్రి కోరుతున్నారు. బాధ్యత తనదేనని రూపకర్త రాసిచ్చారు. శాఖ కార్యదర్శిగా మీరు ఫైలు మీద ఏం రాస్తారు, ఎవరెవరికి ఏం చెబుతారు? "అభ్యంతరం లేదు" అన్న మాట వాడకుండా రాయండి.